ముట్లుడిగే వయసులో తిండీ తిప్పలూ: ఏది పనిచేస్తుంది, ఏది చేయదు

ఒడిశాలోని బరంపురంలో అప్పడాలు, ఊరగాయలు చేసి అమ్ముకునే తెలుగిళ్ళు చాలానే ఉన్నాయి. మాదీ అందులో ఒకటి. నేను పుట్టింది ఇచ్ఛాపురం, మెట్టింది ఇక్కడ. మా వసారాలో అప్పడాలు ఒత్తడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నలభై అయిదు దాటినవాళ్ళే. చేతులు పిండి మీద ఉంటాయి, నోళ్ళు ఖాళీగా ఉండవు. కోడళ్ళ సంగతులు, బంగారం ధర అన్నీ అయ్యాక మాట ఎప్పుడూ ఒక్కచోటికే వస్తుంది: ఆవిర్లు (ఒళ్ళు ఉన్నట్టుండి భగ్గుమని చెమట పట్టడం), మోకాళ్ళు, నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం రావడం. ఒకామె అవిసె గింజలు నానబెట్టుకుని తాగమంటుంది. ఇంకొకామె ఫోన్లో వచ్చిన శతావరి పొడి ప్రకటన చూపిస్తుంది.

ముందే చెప్పేస్తాను. ఫలానా గింజ, ఫలానా పొడి తింటే ఒంట్లో ఆవిర్లు ఆగిపోతాయంటే నమ్మకండి. తిండి చేసే పని వేరు. ఎముక, కండ, గుండె, నడుం చుట్టుకొలత, ఇవి చాలావరకు మన వంటింటి చేతిలో, మన కాళ్ళ చేతిలో ఉన్నాయి. ఆవిర్లు అలా లేవు. ఈ తేడా తెలియకే చాలామంది రెండు నెలలు రాగి జావ తాగి, ఆవిర్లు తగ్గలేదని మానేస్తున్నారు. జావ ఎముకల పని చేస్తూనే ఉంటుంది, మనకి కనబడదు, అంతే.

ఎప్పుడు మొదలవుతుంది

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క. మన దేశంలో సగటున 46, 47 ఏళ్ళకి ఇది జరుగుతుంది. పడమటి దేశాల్లో 51 దగ్గర. అంటే మనకి నాలుగైదేళ్ళు ముందే వస్తోంది, ఎముకలకు ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ అండ అన్నేళ్ళు ముందే పోతోంది. ఆగడానికి కొన్నేళ్ళ ముందు నుంచే తేదీలు తప్పడం, ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ కావడం మామూలే. ఆ మధ్యకాలంలో గర్భం వచ్చే అవకాశం పూర్తిగా పోదు. యాభై దాటినవాళ్ళయితే ఆఖరి నెలసరి తర్వాత ఏడాది పాటు, యాభై లోపు వాళ్ళయితే రెండేళ్ళ పాటు జాగ్రత్త పడాలి. పెద్ద కూతురి పెళ్ళి కుదిరిన నెలలో తనకి వాంతులు మొదలైన పిన్నిగారి కథ మా చుట్టాల్లోనే ఉంది, పేరు చెప్పను.

నలభై లోపే ఆగిపోతే ఇది మామూలు సంగతి కాదు. తిండితో సర్దుకునే పని కాదు, డాక్టర్‌ దగ్గరికి వెళ్ళాల్సిందే. అలాంటివాళ్ళకి మామూలుగా ముట్లుడిగే వయసు వచ్చేదాకా హార్మోన్ మందులు ఇవ్వడమే సాధారణంగా చేసే వైద్యం.

ఇక ఆపరేషన్ అయినవాళ్ళు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు దేశంలో అందరికంటే ఎక్కువగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణలో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చెబుతున్నాయి. మన సరిహద్దు వాళ్ళు కూడా రైలెక్కి అటు వెళ్ళి చేయించుకుని వస్తారు. "తీసేస్తే పీడా పోతుంది" అనే మాట ఎవరు మొదలుపెట్టారో గానీ, ముప్ఫై అయిదేళ్ళకే ఆ పీడా పోగొట్టుకున్నవాళ్ళు మా వసారాలో ఉన్నారు. మీకు ఆపరేషన్ అయి ఉంటే కాగితాలు వెతికి ఒక్క విషయం చూసుకోండి: గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా. రెండూ తీసేస్తే ముట్లుడగడం ఒక్కరోజులో జరిగినట్టే, ఆవిర్లు కూడా గట్టిగా వస్తాయి. అండాశయాలు ఉంచితే హార్మోన్లు ఇంకా కొంతకాలం వస్తాయి. నెలసరి ఎలాగూ ఉండదు కాబట్టి ఎప్పుడు తగ్గాయో తెలియదు.

ఆవిర్లు, పొయ్యి, నిద్ర

ఒంటి వేడిని కనిపెట్టుకుని ఉండే చోటు ఒకటి మెదడులో ఉంది. ఈస్ట్రోజన్ తగ్గేసరికి అది మరీ చిరాకు మనిషైపోతుంది. కాస్త వేడి పెరిగినా ఒళ్ళు కాలిపోతోందనుకుని రక్తాన్ని చర్మం దగ్గరికి తోసి చెమట పట్టిస్తుంది. ముఖం, మెడ, ఛాతీ భగ్గుమంటాయి, గుండె దడదడలాడుతుంది. ఒకటి నుంచి అయిదు నిమిషాల్లో తగ్గి, తర్వాత చలి వేస్తుంది. స్వాన్ అనే పెద్ద అమెరికా అధ్యయనంలో, తరచూ ఆవిర్లు వచ్చేవాళ్ళలో సగం మందికి అవి ఏడేళ్ళకు పైగా సాగాయని 2015లో తేలింది. ఏడాదిలో పోతాయిలే అని ఓర్చుకుని కూర్చోవడం ఎందుకు మంచిది కాదో అర్థమైంది కదా.

2023లో అమెరికాలోని మెనోపాజ్ సొసైటీ హార్మోన్లు కాని ఉపాయాలన్నిటినీ జల్లెడ పట్టింది. సోయా, మూలికలు, యోగా, వ్యాయామం, చల్లదనం కోసం చేసే పనులు, వీటిలో ఏదీ ఆవిర్లకి మందుగా సిఫారసు చేసేంత రుజువుతో నిలబడలేదు. నిలబడినవాటిలో మందులు, సూదులు కాక మూడున్నాయి. ఎక్కువ బరువున్నవాళ్ళు బరువు తగ్గడం, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మాటల వైద్యం, నిపుణులు చేసే హిప్నాసిస్. మొదటిది మన చేతిలో ఉంది. రెండోది మన ఊళ్ళలో దొరకడం కష్టం, కానీ దాని పద్ధతి కొంత ఇంట్లో పాటించవచ్చు. ఆవిరి వస్తున్నప్పుడు "అయ్యో, అందరూ చూస్తున్నారు, పడిపోతానేమో" అని బుర్ర పరిగెడుతుంది, దాంతో దడ ఇంకా పెరుగుతుంది. ఆ పరుగును పట్టుకుని, "ఇది ఆవిరి, మూడు నిమిషాల్లో పోతుంది, చేతిలో పని ఆపనక్కర్లేదు" అని మనసులో నిదానంగా అనుకోవడం అలవాటు చేసుకోవాలి. ఆవిర్ల లెక్క తగ్గకపోయినా అవి పెట్టే బాధ తగ్గుతుంది.

చల్లదనం మందు కాదన్నారని ఉడికిపోతూ కూర్చోమని కాదు. మా గంజాం జిల్లా వేసవిలో ఉక్కపోత ఎలా ఉంటుందో నేను చెప్పాలా? పొయ్యి దగ్గర పని ఉన్నవాళ్ళు నూనె కాచే పని, పోపుల పని తెల్లవారుజామున ఏడు లోపే ముగించుకోండి. టేబుల్ ఫ్యాను మంటకి తగలకుండా నడుం వైపు పెట్టుకోండి. బరంపురానికి సిల్కు ఊరని పేరు గానీ పనిలో నూలు చీర, నూలు జాకెట్టే. పాలిస్టర్ జాకెట్టు వేసుకుని ఆవిర్లని తిట్టుకుని లాభం లేదు. వేడి వేడి టీ, బాగా కారం, మద్యం కొందరికి ఆవిరిని రేపుతాయి, కొందరికి రేపవు. ఒక వారం చీటీ మీద రాసుకుంటే మీ సంగతి మీకే తెలుస్తుంది. అందరూ కారం మానేయాలని నేననను. ఊరగాయలు అమ్ముకునేదాన్ని, ఎలా అంటాను.

నిద్రకి ఇంకాస్త కచ్చితమైన పద్ధతి ఉంది. సాయంత్రం నాలుగు దాటాక టీ, కాఫీ వద్దు. మధ్యాహ్నం కునుకు అరగంట మించొద్దు. రాత్రి భోజనం ఎనిమిది లోపు. రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే టైముకి లేవాలి. మధ్యరాత్రి మెలకువ వచ్చి ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం దిగి వేరే చోట కూర్చోండి, ఫోను ముట్టుకోకండి, నిద్ర ముంచుకొచ్చాకే మళ్ళీ మంచం ఎక్కండి. రెండేళ్ళకోసారి వచ్చే మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్ర నెలలో ఇవేవీ జరగవు, నాకు తెలుసు. ఆ నెల వదిలేయండి.

వంటింట్లో: ముందు కాల్షియం లెక్క

ముట్లుడిగాక మొదటి అయిదారేళ్ళలో ఎముక చాలా వేగంగా తరుగుతుంది. కొందరికి ఐదో వంతు వరకు పోతుంది. ఆ తరుగును తిండి పూర్తిగా ఆపలేదు, కానీ తిండిలో కాల్షియం లేకపోతే అది ఇంకా వేగం అందుకుంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ముట్లుడిగిన ఆడదానికి రోజుకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పెద్దవాళ్ళందరికీ చెప్పిన 1000 కంటే ఇది ఎక్కువ. అన్నం, చారు, వేపుడు తిని కూర్చుంటే దీంట్లో మూడో వంతు కూడా అందదు.

మనకి సరుకు మాత్రం చేతికి అందేంత దూరంలో ఉంది. చోళ్ళు, అంటే రాగులు, ముందు చెప్పుకోవాలి. ఇచ్ఛాపురంలో చోడి అంబలి అంటాం, ఇక్కడ మాండియా జావు అంటారు, గిన్నెలో ఉన్నది ఒకటే. 2017లో ఒడిశా ప్రభుత్వం మిల్లెట్ మిషన్ పెట్టాక గజపతి, రాయగడ, కోరాపుట్ కొండల చోళ్ళకి మళ్ళీ గిరాకీ వచ్చింది. నూరు గ్రాముల చోళ్ళలో 340 నుంచి 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో దాని ముందు లెక్కకి వచ్చేది ఏమీ లేదు.

అంబలి ఇలా చేయండి. రాత్రి నాలుగు పెద్ద చెంచాల చోడిపిండి, అంటే సుమారు 50 గ్రాములు, గ్లాసు నీళ్ళలో కలిపి మూత పెట్టి వదిలేయండి. పొద్దునకి కాస్త పులుస్తుంది. ఆ పులుపు ఊరికే రుచి కోసం కాదు, పిండిలో కాల్షియంని పట్టుకుని వదలని ఫైటేట్‌ని అది కొంత విరగ్గొడుతుంది. గుప్పెడు నూకలు రెండు గ్లాసుల నీళ్ళలో ఉడికించి, మెత్తబడ్డాక పులిసిన పిండి పోసి, ఉండ కట్టకుండా పది నిమిషాలు తిప్పుతూ ఉడికించండి. చల్లారాక గ్లాసు చిక్కటి మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి. ఉప్పు చిటికెడు చాలు. షుగరు ఉన్నవాళ్ళకి పలచటి జావ మంచిది కాదు, రక్తంలోకి గబగబా దిగుతుంది. వాళ్ళు అదే పిండితో మునగాకు, ఉల్లిపాయ కలిపి రొట్టె కాల్చుకోవాలి, పక్కన పెరుగు పెట్టుకోవాలి.

ఇప్పుడు కూడిక వేయండి. చోడిపిండి 50 గ్రాములు, 170. పాలు, పెరుగు, మజ్జిగ ఏ రూపంలోనైనా రోజంతా కలిపి 400 మిల్లీలీటర్ల పాలకి సరిపడా, 480. మునగాకు 50 గ్రాములు, అంటే రెండు మూడు గుప్పిళ్ళు, 150. పెద్ద చెంచా నువ్వులు, 120 పైన. పప్పు, కూరలు, ఉలవలు అన్నీ కలిపి ఓ 150. ఇక్కడికే వెయ్యి దాటింది. మిగిలింది ఆదివారం మా పక్క తీరం గోపాలపురం నుంచి వచ్చే నెత్తళ్ళు, కవళ్ళు లాంటి చిన్న చేపలు చూసుకుంటాయి, ముల్లుతో నమిలి తింటే. పెద్ద చేప ముక్కలో మాంసకృత్తులు ఉంటాయి గానీ కాల్షియం ఉండేది ముల్లులో. ఎండు నెత్తళ్ళు అయితే వేడినీళ్ళలో రెండుసార్లు కడిగి వండండి, ఉప్పు కొంత పోతుంది.

పాలకూర గురించి ఒక మాట. కాల్షియం ఉందని అంటారు, ఉంది, కానీ ఆ ఆకులోనే ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు దాన్ని ఒంటికి పట్టనివ్వవు. తోటకూరలోనూ ఈ గొడవ కొంత ఉంది. మునగాకు వీటికంటే నయం. ఇక్కడి వాళ్ళు సజనా సాగ అని వెల్లుల్లి, బడి వడియాలు వేసి చేస్తారు, మనం పప్పులో వేస్తాం. ఆషాఢంలో ఒకసారి తిని శాస్త్రం తీర్చుకోవడం కాదు, వారానికి మూడు నాలుగుసార్లు వండండి. చెట్టు మీకు లేకపోతే పక్కింట్లో ఉంటుంది, బరంపురంలో అడిగితే కాదనేవాళ్ళు లేరు.

నువ్వులు వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి పొడి కొట్టి పెట్టుకుంటే ఇడ్లీలోకి, అన్నంలోకి రోజూ ఒక చెంచా వెళ్ళిపోతుంది. నల్ల నువ్వులైనా తెల్ల నువ్వులైనా పరవాలేదు, పొట్టు తీయనివి కొనండి, కాల్షియం ఎక్కువ ఉండేది పొట్టులోనే. మొత్తం నువ్వులు నమలకుండా మింగితే లోపలికి వెళ్ళినవి అలాగే బయటికి వస్తాయి, అందుకే పొడి.

పప్పు, గుడ్డు, చద్దన్నం

కాల్షియం ఒక్కటే ఎముకని నిలబెట్టదు. దాని చుట్టూ కండ ఉండాలి. ఈ వయసులో కండ కరిగి, ఆ చోట పొట్ట చేరుతుంది. తూనిక మారకపోయినా చీర కుచ్చిళ్ళు పట్టవు. టైలర్ టేపుతో బొడ్డు దగ్గర కొలుచుకోండి. మన దేశపు ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు దాటితే గుండెకి, షుగరుకి హెచ్చరిక కింద లెక్క.

మన ఆడవాళ్ళ భోజనంలో లోటు ఎక్కడుందో అందరికీ తెలుసు. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తింటారు, అందులో చేప ముక్క ఉండదు, పులుసే ఉంటుంది. 55 కిలోల మనిషికి రోజుకి కనీసం 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో 6, గ్లాసు పాలలో 6 నుంచి 7, గుప్పెడు పప్పు అంటే 30 గ్రాములలో 7, నూరు గ్రాముల చేపలో 18 పైన. మీల్ మేకర్ 50 గ్రాములలో ఏకంగా 26. కిలో చికెన్ కొనలేని నెలాఖరుల్లో మీల్ మేకర్ కూర వండుకోండి. సోయా ఆవిర్లకి మందు అవునో కాదో తేలలేదు, కండకి తిండి అనడంలో అనుమానం లేదు. అసలు చేయాల్సింది ఒకటే: వడ్డించేటప్పుడే మీ వాటా ముక్క, మీ వాటా పప్పు వేరే గిన్నెలో తీసి మూత పెట్టండి. ఎవరికైనా తక్కువైతే మీ గిన్నె వైపు చూడకండి.

ఒడియా వాళ్ళ దాల్మా నాకు మన ముద్దపప్పు కంటే నచ్చుతుంది, ఈ మాటకి మా అక్క ఒప్పుకోదు. కందిపప్పులోనే బొప్పాయి కాయ, గుమ్మడి, అరటికాయ, మునక్కాడ వేసి ఉడికించి, చివర వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చల్లుతారు. నూనె చెంచాడు సరిపోతుంది, పప్పూ కూరా ఒకే గిన్నెలో, కడుపు నిండుతుంది, అన్నం దానంతటదే తగ్గుతుంది.

పఖాళ, మన చద్దన్నం, వేసవిలో మంచిదే. నీళ్ళు వెళతాయి, చలవ. చిక్కంతా దాని పక్కన పెట్టుకునే వాటితో: వేయించిన బడి, వేయించిన చేప, వేయించిన ఆలుగడ్డ, పైన ఉప్పు. అన్నం సగం చేసి, పెరుగు కలిపి, పక్కన గుడ్డో, ఉలవల కూరో, కాల్చిన వంకాయ పచ్చడో పెట్టుకుంటే అదే చద్దన్నం నిక్షేపమైన భోజనం.

కార్తీకంలో ఇక్కడి పెద్దావిడలు హబిస పడతారు, ఒంటిపూట భోజనం. మన తెలుగువాళ్ళూ చాలామంది పడుతున్నారు. మార్గశిరంలో మాణబసా గురువారాలు ఉండనే ఉన్నాయి. ఉపవాసం మానమని చెప్పడానికి నేనెవర్ని. ఆ ఒక్కపూటలో పెసరపప్పు దండిగా, రెండోపూట పాలు ఉండేలా చూసుకోండి. షుగరు మాత్రలో, బీపీ మాత్రలో వేసుకునేవాళ్ళు నోము పట్టే ముందే డాక్టర్‌ని అడిగి మోతాదు మార్పించుకోవాలి.

ఉప్పు

నా వ్యాపారం మీద నేనే రాళ్ళు వేసుకుంటున్నాను గానీ ఇది చెప్పక తప్పదు. ఉప్పు బీపీని పెంచుతుందని అందరికీ తెలుసు. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో కాల్షియం కూడా ఎక్కువ పోతుందని తక్కువమందికి తెలుసు. పొద్దున అంబలితో తెచ్చుకున్నది మధ్యాహ్నం ఆవకాయతో పారబోసుకుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు అంటోంది, అంటే చిన్న చెంచాడు. నలుగురున్న ఇంట్లో నెలకి 600 గ్రాములు. మీ ఇంట్లో కిలో ప్యాకెట్ నెల రోజులు వస్తోందా, చూసుకోండి, పైగా ఊరగాయల్లో, అప్పడాల్లో ఉన్నది ఈ లెక్కలోకి రాదు. అప్పడంలో వేసే సోడా ఉప్పులో కూడా సోడియమే.

ఊరగాయ పూర్తిగా మానక్కర్లేదు. రోజుకి ఒక్క చిన్న ముక్క, పెరుగన్నంలోకి. ఊరగాయ వేసుకున్న పూట కూరలో ఉప్పు సగం. అప్పడం నూనెలో కాకుండా నిప్పుల మీద, వారానికి రెండు మూడుసార్లు. ఇంత రాసినా నా జాడీలు ఖాళీ అవుతూనే ఉంటాయని నాకు నమ్మకం ఉంది.

మేడ మీద ఎండ, మందుల షాపులో గుళికలు

అప్పడాలు ఆరబెట్టడానికి మేడ ఎక్కేవాళ్ళకి విటమిన్ డి సగం పనిలోనే దొరుకుతుంది. మన నీడ మనకంటే పొట్టిగా ఉన్న వేళల్లోనే చర్మంలో అది తయారవుతుంది. పొద్దున ఆరింటి లేత ఎండకి కాదు. చేతులు, ముఖం, మెడ తగిలేలా ఇరవై నిమిషాలు, మే నెలలో అయితే పొద్దున పదింటి వేళ ఎండ చాలు, వడదెబ్బ తెచ్చుకోకండి. రోజంతా ఇంట్లోనో, ఆఫీసులోనో ఉండేవాళ్ళు ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవాలి.

60,000 యూనిట్ల డి3 గుళికలు వారానికొకటి చొప్పున, అదీ డాక్టర్ చెప్పినన్ని వారాలే. రోజుకొకటి వేసుకునేవాళ్ళని చూశాను. అది విషమై కిడ్నీల మీద పడుతుంది. కాల్షియం మాత్ర అవసరమని డాక్టర్ రాస్తే ఒకేసారి 500 మిల్లీగ్రాములకి మించి వేసుకోవద్దు, మించినది ఒంటికి సరిగా పట్టదు. ఐరన్ మాత్రకి దూరంగా, వేరే పూట వేసుకోండి. అశ్వగంధ లాంటివి ఆకులూ వేళ్ళూ కదా, ఏం చేస్తాయిలే అనుకోవద్దు. దానితో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్యులు నమోదు చేశారు, థైరాయిడ్ మాత్రల పనిని కూడా అది అటూ ఇటూ చేస్తుంది.

కదలిక

పీట మీద కూర్చుని అప్పడాలు ఒత్తడం కష్టమైన పనే. అలసట వస్తుంది కాబట్టి వ్యాయామం అయిపోయిందనుకుంటాం. ఎముకకి కావాల్సింది ఒంటి బరువు కాళ్ళ మీద పడటం, కండకి కావాల్సింది ఎత్తడం, దించడం. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, పక్కనున్న వాళ్ళతో మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగం. దీనికి తోడు వారానికి రెండు రోజులు బలం పెంచే పని. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. గోడకి చేతులు ఆనించి వంగి లేవండి. రెండు లీటర్ల నీళ్ళ సీసాలు రెండు చేతులా పట్టుకుని భుజాల పైకి ఎత్తండి. పళ్ళు తోముకునేటప్పుడు గోడ పక్కన నిలబడి ఒంటికాలి మీద నిలవండి, ఈ వయసులో తుంటి విరిగేది చాలాసార్లు బాత్‌రూమ్‌లో జారిపడే. జాడీ ఎత్తేటప్పుడు నడుం వంచకండి, మోకాళ్ళు వంచి ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి. మా దగ్గర ఇప్పుడు పీటలతో పాటు రెండు ఎత్తు బల్లలు వేశాం, మోకాళ్ళు పట్టేసినవాళ్ళు నిలబడి ఒత్తుతారు.

గుడాకు సంగతి కూడా ఇక్కడే. పళ్ళు తోముకోవడానికంటారు గానీ అది పొగాకే, రోజుకి నాలుగైదుసార్లు తోముకోవడం మత్తు కోసమే. శ్రీకాకుళం వైపు పెద్దావిడలు అడ్డపొగ తాగుతారు, నిప్పు నోట్లోకి పెట్టుకుని. పొగ తాగేవాళ్ళకి ముట్లు ముందే ఉడుగుతాయి, ఎముకలు త్వరగా గుల్లబారతాయి. రెండూ నోటి క్యాన్సర్‌కి దారులే. చోళ్ళు, నువ్వులు ఎన్ని తిన్నా ఇది మానకపోతే సగం వృథా.

చెప్పుకోలేనివి

జూన్‌లో రజో పండగ మూడు రోజులు భూదేవి ముట్టయిందని నేల దున్నరు, ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు, పొడొపీఠా తింటారు. ముట్టుకి పండగ చేసే ఊళ్ళో ముట్లుడిగాక వచ్చే బాధలు మాత్రం ఎవరూ నోరు విప్పి చెప్పరు. కింద పొడిబారడం, కలయికలో మంట, మూత్రం మంట, దగ్గితే చీర తడవడం. ఆవిర్లు ఏళ్ళు గడిస్తే తగ్గుతాయి, ఇవి వైద్యం లేకపోతే పెరుగుతూ పోతాయి. అక్కడ సబ్బు వాడకండి, నీళ్ళు చాలు. మందుల షాపులో నీటితో చేసిన జెల్ దొరుకుతుంది, అడగడానికి సిగ్గయితే ఫోన్లో పేరు చూపించండి. అది చాలకపోతే డాక్టర్ రాసే ఈస్ట్రోజన్ క్రీమ్ ఉంది, చాలా తక్కువ మోతాదు, ఆ చోటికే పనిచేస్తుంది. దగ్గితే మూత్రం పడేవాళ్ళు మూత్రం ఆపుకునేటప్పుడు బిగిసే కండరాలను బిగించి అయిదు లెక్కపెట్టి వదలాలి, పదిసార్లు, రోజుకి మూడు పూటలు. ఫలితం కనబడటానికి మూడు నెలలు పట్టొచ్చు. మరుగుదొడ్డి దూరమని నీళ్ళు తాగడం మానకండి. బజార్లో కొట్టు పెట్టుకున్నవాళ్ళు పక్క కొట్టువాళ్ళతో మాట్లాడుకుని ఏదో ఒక ఏర్పాటు చేసుకోవాలి.

మనసు గురించి: ఏడుపు, కోపం, మతిమరుపు కొన్ని నెలలు ఉండి పోతాయి చాలామందికి. రెండు వారాలకు మించి ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా, బతకాలనిపించకపోయినా 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, ఉచితం. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఇంట్లో మగవాళ్ళకి వాళ్ళంతట వాళ్ళకి అర్థమవుతుందని ఎదురుచూడకండి. "నాకు ముట్లుడుగుతున్నాయి, రాత్రి ఫ్యాను తగ్గించొద్దు, వారంలో రెండు రోజులు వంట మీది" అని చెప్పేయండి.

డాక్టర్ దగ్గరికి

ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా ఆలస్యం చేయకండి. చాలాసార్లు చిన్న కారణమే ఉంటుంది, కానీ గర్భసంచి క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. గంటకో ప్యాడ్ తడిసేంత రక్తస్రావం, ఛాతీలో నొప్పి, చిన్న దెబ్బకే ఎముక విరగడం, ఇవీ ఆగే సంగతులు కావు. ఆవిర్లతో నిద్ర, పని చెడుతుంటే హార్మోన్ మందుల గురించి అడగండి. ఆవిర్లకి వాటిని మించిన మందు లేదు. 2002లో వచ్చిన ఒక అమెరికా పరిశోధన తర్వాత ఈ మందులంటే అందరూ భయపడ్డారు. ఇప్పుడు అరవై లోపు, ముట్లుడిగి పదేళ్ళ లోపు ఉన్నవాళ్ళలో, రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డలు లాంటి చరిత్ర లేనివాళ్ళకి నష్టం కంటే లాభమే ఎక్కువని వైద్యులు చెబుతున్నారు. సహజంగానే గట్టెక్కాలన్న పంతం ఎవరికీ పతకాలు తెచ్చిపెట్టదు. హార్మోన్లు పడనివాళ్ళకి వేరే మాత్రలు కూడా ఉన్నాయి.

బీపీ, షుగరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు ముప్ఫై దాటినవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం, ఆశా దీదీని అడగండి. థైరాయిడ్ కూడా చూపించుకోండి, దాని లక్షణాలు వీటితో కలిసిపోతాయి.

మా తెలుగు ఆడవాళ్ళకి ఇక్కడ ఇంకో చిక్కుంది. బజార్లో ఒడియా ధారాళంగా మాట్లాడతారు, డాక్టర్ ముందు కూర్చునేసరికి నడుం కింది సంగతులకి ఒడియా మాటలు రావు, వచ్చినా నోరు పెగలదు. మోకాళ్ళ నొప్పులని చెప్పి వచ్చేస్తారు. అందుకని ఇంట్లోనే కాగితం మీద రాసుకోండి, పిల్లల చేత ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయించినా సరే: ఆఖరి నెలసరి తేదీ, రోజుకి ఎన్ని ఆవిర్లు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ, వాడుతున్న మాత్రలు, పొడులు, అయిన ఆపరేషన్లు, అమ్మకో అక్కకో తుంటి విరగడం గానీ రొమ్ము క్యాన్సర్ గానీ ఉందా, చివరగా చెప్పడానికి సిగ్గుపడే ఆ ఒక్క సంగతి. కాగితాన్ని ఓపీ చీటీతో కలిపి పిన్ను కొట్టించండి, విడిగా పట్టుకుంటే క్యూలో ఎక్కడో జారిపోతుంది.